స్టాంపింగ్‌లో ఉన్న అల్లుడు

చాండ్లర్ వచ్చాక నాకు గిట్టనిది ఎండ కాదు. ఎండ సంగతి అందరూ ముందే చెప్పారు; ఒంగోలు వాణ్ణి కాబట్టి నేనూ పెద్దగా పట్టించుకోలేదు. ఇక్కడ పెట్రోలు మనమే కొట్టుకోవాలని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆ యంత్రం కార్డు పెట్టమంటుంది, తీయమంటుంది, జిప్ కోడ్ అడుగుతుంది, కారు కడిగించుకుంటావా అంటుంది, రశీదు కావాలా అంటుంది. దేనికీ జవాబు తేలకముందే బుల్లి తెర మీద ఒకావిడ ప్రత్యక్షమై బర్గర్ తినమని పోరుపెడుతుంది. అంతా అయ్యాక ఆ చేత్తో అన్నం తినబుద్ధి కాదు.

న్యూజెర్సీలో ఈ బాధ లేదు. అక్కడ మన పెట్రోలు మనం కొట్టుకోవడం చట్టవిరుద్ధం. బంకులో మనిషి ఉంటాడు, వచ్చి కొడతాడు. ప్లెయిన్స్‌బరోలో కాపురం ఉన్నన్నాళ్ళూ నేను ఆ పైపు ముట్టుకుని ఎరగను. అందుకని అరిజోనాలో మొదటిసారి బంకులో కారాపి, అద్దం దించి, మర్యాదగా కూర్చున్నాను. చాలాసేపే కూర్చున్నాను. వెనకున్న ట్రక్కతను హారన్ కొట్టి, విసుగొచ్చి, దిగి వచ్చి, "సార్, ఆర్ యూ ఓకే?" అని అడిగాడు. నాకు ఇంజనీరింగులో రెండు డిగ్రీలున్నాయి. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

ఆ రోజు నేను ఎవరి కోసం కూర్చున్నానో నాకు తెలుసు. ఆయన పోయాడని కొన్నాళ్ళ కిందట వాట్సాప్ గ్రూపులో చదివాను. పైన ఎవరిదో గృహప్రవేశం పిలుపు, కింద మోకాళ్ళ నొప్పులకి మెంతుల వైద్యం, మధ్యలో ఆయన.

ప్లెయిన్స్‌బరో తెలుగువాళ్ళందరికీ ఆయన బంకు బాబాయ్. చొక్కా మీద మాత్రం "మైక్" అని కుట్టి ఉండేది. అది అంతకుముందు ఆ బంకులో పనిచేసి వెళ్ళిపోయిన వాడి చొక్కా. "బాగానే ఉంది కదయ్యా, ఊడదీయడం దేనికి," అనేవాడు. మేమంతా కంపెనీలు పిలిస్తే వచ్చినవాళ్ళం. ఆయన అక్క పిలిస్తే వచ్చాడు, గ్రీన్‌కార్డుతో, భార్యతో, అప్పుడప్పుడే నడక నేర్చిన కూతురితో. అంతకుముందు మా ఒంగోలు వైపే బస్సు కండక్టరు. ఆ ఉద్యోగం ఆయన్ని వదిలిపెట్టలేదు. ట్యాంకు నిండగానే కారు టాపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి "రైట్ రైట్" అనేవాడు. మొదట్లో అమెరికావాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. తరవాత్తరవాత ఆ రెండు దెబ్బలూ పడితే గానీ కదిలేవాళ్ళు కాదు.

పెట్రోలుని ఆయన గ్యాస్ అనేవాడు కాదు. "గ్యాస్ వంటింట్లో ఉంటది. కారులో పోస్తే పేలతది," అనేవాడు. చలికాలంలో మంకీ క్యాపు, దాని మీద కంపెనీ టోపీ. ఆ టోపీ తల మీద నిలవదు, గాలికి ఎగిరిపోతుంది, ఆయన పంపుల మధ్య దాని వెంట పడతాడు. మేము కార్లలో కూర్చుని చూస్తాం. దిగి సాయం చేయవచ్చు. బయట చలి.

పైపు పెట్టగానే కిటికీ దగ్గరికి వచ్చి వంగి ఒకే ప్రశ్న అడిగేవాడు: "ఏందయ్యా విశేషం?"

ట్యాంకు నిండేలోపు మన దగ్గరున్న విశేషమంతా ఆయన ట్యాంకులోకి దిగిపోయేది. ఎవరి ఉద్యోగం పోయింది, ఎవరి అత్తగారు వచ్చారు, ఎవరు ఏ వీధిలో ఇల్లు చూశారు, అన్నీ. చెడు ఉద్దేశమేం లేదు. కండక్టరు కదా, ఎక్కినవాళ్ళని తరవాతి స్టాపులో దించడం అలవాటు. నా ప్రమోషన్ రాలేదన్న వార్త నేను ఇల్లు చేరేలోపే మా ఆవిడకి చేరింది.

విశేషం అన్న మాట తెలుగులో కొంచెం ప్రమాదకరమైంది. మగవాణ్ణి అడిగితే సంగతులేమిటని. పెళ్ళైన ఆడపిల్లని, గొంతు కాస్త తగ్గించి అడిగితే, నెల తప్పిందా అని. ఈ తేడా ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆదివారం తెలుగు బడిలోనూ చెప్పరు. అక్కడ పాఠాలు చెప్పింది నేనే కాబట్టి ఖాయంగా చెప్పగలను.

వాళ్ళమ్మాయి నా బడిలోనే చదివింది. దాని ఫలితంగా ఆ పిల్ల తెలుగులో అన్నీ నపుంసకలింగాలే. పెద్దయి పళ్ళ డాక్టరు దగ్గర అసిస్టెంటుగా చేరింది. ఓ శనివారం ఎవరింట్లోనో కొత్తగా పెళ్ళైన అమ్మాయి చుట్టూ ఆంటీలు చేరి "ఏమన్నా విశేషమా?" అని గుచ్చిగుచ్చి అడగడం చూసింది. ఆ మాటకి అర్థమేమిటని పెళ్ళికూతుర్నే అడిగి తెలుసుకుంది. తెలుసుకుని ఊరుకుంది. ఊరుకోవడానికి కారణముంది. అప్పటికి ఆ పిల్ల దగ్గరే ఒక విశేషం ఉంది. ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ఆ సోమవారం బాబాయ్ పని నుంచి వచ్చి, గ్లవుజులు తీస్తూ, కూతురు చిన్న బళ్ళో చదివే రోజుల నుంచీ రోజూ అడిగినట్టే అడిగాడు: "ఏందమ్మా విశేషం?"

ఆ పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. "అమ్మ కనిపెట్టి చెప్పేసిందా?"

"ఏం చెప్పేసింది?"

వంటింట్లోంచి పిన్ని వచ్చింది. పిన్ని అంటే బాబాయ్ భార్య, నాకేం చుట్టం కాదు. "నాకేం తెలుసే చెప్పడానికి?"

"మరి నాన్నకి ఎలా తెలిసింది?"

"నాకేం తెలిసిందమ్మా?"

"విశేషం అన్నావు కదా."

ఇదంతా బాబాయే నాకు చెప్పాడు, మర్నాడు బంకులో, నా కారుకి పైపు తగిలించి. ఆ రోజు నన్ను విశేషం అడగలేదు. అప్పుడే ఏదో తేడా ఉందనుకున్నాను. "నేను రోజూ అనేదే కదయ్యా ఆ మాట," అన్నాడు. "ఇన్నేళ్ళూ 'ఏం లేదు నాన్నా' అనేది. నిన్న ఉందంది."

అబ్బాయి ట్రెంటన్‌లో టైర్ల షాపులో పనిచేస్తాడట. కడుపు సంగతి తెలియకముందే ఇద్దరూ విడిపోయారట. "పోనీ పెళ్ళి చేసుకోమ్మా అన్నాను. 'వీ ఆర్ నాట్ ఎ గుడ్ మ్యాచ్, నాన్నా' అంది. సంబంధం మంచిది కాదని అదే అంటంటే ఇంక నేనేం అనను?"

"తిట్టావా?"

"ఏ భాషలో తిట్టనయ్యా? తెలుగులో తిడితే దానికి అర్థం కాదు, ఇంగ్లీషులో తిడితే నాకు అర్థం కాదు."

బిడ్డని కంటానని ఆ పిల్ల తేల్చి చెప్పేసింది. పిన్ని ఒక రాత్రి ఏడ్చి, తెల్లారి లేచి కూతురికి పుల్లకూర వండింది. ఇంట్లో గొడవ అక్కడితో సరి. బాబాయ్ బెంగ ఇల్లు కాదు, బంకు. "రోజూ ఇన్ని తెలుగు కార్లొస్తాయి. రేపు కడుపు కనపడ్డాక ఒక్కొక్కడూ అద్దం దించి అడగతాడు, బాబాయ్, అల్లుడేం చేస్తాడని. నేనేం చెప్పను? నువ్వు ఇంజనీరువి, చదువుకున్నోడివి. చెప్పు."

వెనక కార్లు ఆగి ఉన్నాయి. ఒకతను హారన్ కొట్టాడు. చదువుకున్నవాణ్ణి కాబట్టి ఆలోచించలేదు.

"స్టాంపింగ్‌కి వెళ్ళి ఇరుక్కుపోయాడని చెప్పు," అన్నాను.

జోకుగా అన్నాను. నా జోకులు మామూలుగా ఎవరికీ ఎక్కవు, మొహమాటానికి తలూపి వెళ్ళిపోతారు. జీవితంలో ఈ ఒక్కదాన్ని మాత్రం ఒక మనిషి శ్రద్ధగా విన్నాడు. వీసా ముద్ర కోసం ఇండియా వెళ్ళి, కాన్సులేట్‌వాళ్ళు కాగితాలు చూడాలంటే నెలల తరబడి అక్కడే పడి ఉండటం మాలో ప్రతి ఇంట్లోనూ ఎవరికో ఒకరికి జరిగినదే. బాబాయ్ కళ్ళు వెలిగాయి.

"మరి పెళ్ళి?"

"ఇండియాలో. సింపుల్‌గా. ఎవర్నీ పిలవలేదు."

కారు టాపు మీద రెండు దెబ్బలు పడ్డాయి, ఎప్పటికన్నా గట్టిగా.

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ అన్నం వడ్డించడం ఆపింది. "మీరు ఆయనకి సాయం చేశారా, మీ జోకు ఎంత దూరం పోతుందో చూద్దామనుకున్నారా?" అంది. నేను పప్పు బాగుందన్నాను.

జోకు చాలా దూరం పోయింది. మావాళ్ళకి స్టాంపింగ్ మీద ఉన్న జాలి మరే కష్టం మీదా లేదు. అల్లుడు ఉన్నాడా లేడా అన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. వచ్చినవన్నీ సలహాలే. ఒకాయన లాయరు నంబరిచ్చాడు. ఒకాయన చెన్నైకి మార్చుకోమన్నాడు. ఒకావిడ ఆ అబ్బాయి పేరు మీద గుళ్ళో ప్రదక్షిణలు మొదలుపెట్టింది. కొత్త ప్రశ్న ఎదురైనప్పుడల్లా బాబాయ్ నాకు ఆఫీసుకి ఫోన్ చేసేవాడు. "ఏ ఊరు కాన్సులేటని చెప్పను?" "హైదరాబాద్." "ఏం పనయ్యా అతనిది?" "జావా." "అదేంది?" "అడిగినవాళ్ళకి తెలుసులే."

అలా ఫోన్ల మీద ఆ అల్లుణ్ణి ఇద్దరం పెంచాం. ఆరడుగుల పొడవు. సిగరెట్టు ముట్టడు. ఎవరి మాటకీ ఎదురు చెప్పడు. నాలో లేని గుణాలన్నీ అతనికి పోశాను. బాబాయ్‌కి అతని మీద నిజంగానే అభిమానం పుట్టింది. ఓ రోజు పైపు పట్టుకుని ఎటో చూస్తూ, "పాపం, అక్కడ ఒక్కడే ఏం తింటన్నాడో," అన్నాడు. అన్నది నాతోనే.

ఇదేదీ కూతురికి తెలియదు. ఎలా తెలిసిందంటే, పళ్ళు క్లీన్ చేయించుకోవడానికి వచ్చిన ఒకావిడ, నోట్లో నీళ్ళు లాగే పైపు ఉండగానే, "మీ ఆయన స్టాంపింగ్ అయిందా?" అని అడిగింది.

మర్నాడు సాయంత్రం ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. వాళ్ళ నాన్నని నేను బాబాయ్ అంటాను కాబట్టి లెక్కప్రకారం నేను అన్నయ్యనవ్వాలి. నా పొట్ట చూసి చిన్నప్పటి నుంచీ అంకులనే అంటుంది.

"అంకుల్, హూ ఈజ్ మై హస్బెండ్?"

"మంచివాడమ్మా," అన్నాను.

"నాన్న నాకు అరేంజ్డ్ మ్యారేజ్ చేస్తుందేమో అని భయపడేదాన్ని. చేసేసింది. నాకే చెప్పలేదు." నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. "అమ్మ సీమంతం పెట్టింది. అందర్నీ పిలిచింది. అక్కడ ఎవరైనా ఆ హస్బెండ్ గురించి మాట్లాడితే, నాన్న అవునంటే, నేను లేచి వెళ్ళిపోతా. ఫ్రెండ్ దగ్గర రూమ్ ఉంది. బేబీని అక్కడే పెంచుకుంటా, మళ్ళీ రాను. నా బేబీకి రియల్ డాడీ ఉంది, అంకుల్. గ్రేట్ కాదు, బట్ ఉంది. ఇంకో ఫేక్ డాడీ ఎందుకు?"

"ఇది నాన్నకి చెప్పొచ్చు కదమ్మా."

"చెప్పా. కళ్ళు తుడుచుకుని పనికి వెళ్ళిపోయింది. మీరు చెప్పండి. ఐడియా మీదేనట కదా."

మా ఆవిడ ఆ పిల్లకి మజ్జిగ ఇచ్చింది. నాకు ఇవ్వలేదు.

బాబాయ్‌కి చెప్పాను. "నిజమేనయ్యా. రేపు చెప్పేస్తా అందరికీ," అన్నాడు. రోజూ రేపనే అనేవాడు. అప్పటికే ఎవర్నీ విశేషం అడగడం మానేశాడు. పైపు పెట్టి, కారు వెనక్కి పోయి, నంబరు ప్లేటు చూస్తూ నిలబడేవాడు. అడిగితే ఎదురు అడుగుతారని భయం. నాకా నిశ్శబ్దం బాగుండలేదు. నాకు ఒక విశేషం కూడా ఉండింది, ప్రమోషన్ వచ్చింది. చెప్పుకోవడానికి మనిషి లేడు.

సీమంతం వాళ్ళ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసులో. డెకరేషన్ అమ్మాయి ఇలాంటివాటికి ఎప్పుడూ తెచ్చే సింహాసనమే తెచ్చింది. అది ఇద్దరు కూర్చునేది. ఆ పిల్ల పట్టుచీరలో ఒక పక్కన కూర్చుంది, కారు తాళం చెవి గుప్పిట్లో పెట్టుకుని. రెండో పక్క ఖాళీ. ఆ ఖాళీ స్థలం గుడ్డలో చిరుగులా కనపడుతోంది.

ప్రదక్షిణలు చేస్తున్న ఆవిడకి మనసు ఊరుకోలేదు. "పాపం, ఆ అబ్బాయిని వీడియోలోనైనా చూపించండి. పక్కన లాప్‌టాప్ పెడితే ఉన్నట్టే ఉంటుంది," అంది. అందరూ భేషన్నారు. కంప్యూటరు పని కాబట్టి అందరూ నా వంక చూశారు.

లాప్‌టాప్ తెరిచి ఆ ఖాళీలో పెట్టాను. ఎందుకు తెరిచారని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. నెట్‌వర్క్ లేదని ఒక్క ముక్క అంటే సరిపోయేది, కానీ ఆ సమయానికి నాకు నిజాయితీ అడ్డొచ్చింది. వీడియో కాల్ నొక్కాను. అవతల ఎవరూ లేరు కాబట్టి తెర మీద నేనే కనిపించాను, కింద నుంచి, రెండు గడ్డాలతో, సింహాసనంలో, ఆ పిల్ల పక్కన.

తన కూతురి పురిటికి ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుంది. "అల్లుడు ఇతనేనా? కాస్త వయసు మళ్ళినట్టున్నాడే."

ఎవరూ నవ్వలేదు. ఇంతలో పంతులుగారు, "అబ్బాయి గోత్రం చెప్పండి," అన్నారు. ఆయన వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, శనాదివారాలు పౌరోహిత్యం. ఖాళీ గడి కనపడితే వదలరు. "గోత్రమండీ," అని మళ్ళీ అడిగారు.

ఆ పిల్ల వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన గది చివర, మంచినీళ్ళ డబ్బా దగ్గర, కాగితం గ్లాసులు సర్దుతున్నాడు. సర్దినవాటినే మళ్ళీ సర్దుతున్నాడు. ఆ పిల్ల తాళం చెవి వేలికి తగిలించుకుని, సింహాసనం చేతుల మీద బరువు మోపి, లేవబోయింది. ఆ పొట్టతో లేవడానికి కాస్త సమయం పట్టింది. ఆ సమయమే ఆయనకి దొరికింది.

నీళ్ళు కారుతున్న గ్లాసు చేత్తోనే వచ్చాడు. గ్లాసు నాకిచ్చాడు. లాప్‌టాప్ మూత మూశాడు. దాని మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. "రైట్ రైట్," అన్నాడు. దాన్ని తీసి నా చంకలో పెట్టాడు.

"అల్లుడికి స్టాంపింగ్ రిజెక్టయిందండీ," అన్నాడు అందరితో. బస్సులో వెనక సీటు దాకా వినపడే గొంతు అది. "ఇంక రాడు. అసలు లేడు. మా అమ్మాయికి పెళ్ళి కాలేదు. బిడ్డ పుట్టబోతంది. గోత్రం కావాలంటే నాది రాసుకోండి పంతులుగారూ. భోజనాలున్నాయి, ఎవరూ తినకుండా పోవద్దు."

అని, ఖాళీగా ఉన్న పక్కన కూర్చున్నాడు. సింహాసనం కిర్రుమంది. కూతురి వైపు తిరగకుండా, ఎదురుగా గోడ చూస్తూ, మెల్లిగా అడిగాడు:

"ఏందమ్మా విశేషం?"

"ఏం లేదు నాన్నా," అంది ఆ పిల్ల. తాళం చెవి తీసి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది.

పిన్ని దాన్ని బొడ్లో దోపుకుని, పళ్ళెంలోంచి గాజులు తీసి మొదటి జత తనే తొడిగింది. తరవాత మా ఆవిడ లేచింది. తరవాత ఆ ప్రదక్షిణలావిడ కూడా లేచింది, ముఖం గంటు పెట్టుకునే. రెండు కుటుంబాలు కారులో పాలున్నాయి, విరిగిపోతాయంటూ వెళ్ళిపోయాయి. అది జనవరి. ఆలస్యంగా వచ్చిన ఒకాయన ఇదేదీ వినలేదు. బాబాయ్‌ని పక్కకి పిలిచి, రిజెక్షన్ల కేసుల్లో దిట్ట అని ఒక లాయరు నంబరు ఇచ్చి వెళ్ళాడు. బాబాయ్ థాంక్స్ చెప్పి జేబులో పెట్టుకున్నాడు.

ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు ఆయన ఎవరూ అడగకుండానే చెప్పాడు, ప్రతి కారుకీ, తెలుగు రానివాళ్ళకి కూడా. కొన్ని తెలుగు కార్లు అవతలి వీధిలో బంకుకి మారాయి. "పోనీలేయ్, అక్కడ టాపు మీద కొట్టరు," అన్నాడు. టైర్ల షాపు అబ్బాయి ఆదివారాలు వచ్చి బిడ్డని చూసి వెళ్ళేవాడు. వచ్చినప్పుడల్లా బాబాయ్ అతనితో తన పాత కారు టైర్లు చూపించుకునేవాడు. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి అంతకన్నా ఏమీ ఉండేది కాదు, అదే చాలాసేపు మాట్లాడుకునేవాళ్ళు.

మేం చాండ్లర్ వచ్చేసే రోజు నా కారుకి ఆయనే పెట్రోలు కొట్టాడు. "అక్కడెవరయ్యా నీకు కొట్టేది?" అన్నాడు. ఉంటార్లే బాబాయ్ అన్నాను.

కిందటి నెల ఆఫీసు పని మీద న్యూజెర్సీ వెళ్ళి, వాళ్ళింటికి వెళ్ళాను. పిన్నికి ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను. మంచి మాటలే కూడబెట్టాను. తలుపు ఏడేళ్ళ పిల్ల తీసింది. పై పన్ను ఒకటి లేదు. వెనక కొక్కేనికి మైక్ చొక్కా వేలాడుతోంది.

"మీ తాతయ్య ఫ్రెండ్‌ని," అన్నాను. "చాండ్లర్ నుంచి వచ్చాను."

ఆ పిల్ల నన్ను కింద నుంచి పైదాకా చూసింది. రెండు గడ్డాల దగ్గర ఆగింది.

"ఓ. నువ్వు స్టాంపింగ్ అంకుల్. తాతయ్య చెప్పింది." ఇంకా గుమ్మానికి అడ్డంగానే నిలబడి ఉంది. "మా డాడీ స్టాంపింగ్‌లో లేదు. ట్రెంటన్‌లో ఉంది."